అల్లుడూ, ఆ స్ప్రేయర్ బ్యాటరీ కట్టే ముందు ఇది చదువు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి ఇరవై దాకా లిథియం సెల్లులు, 18650 అనే గుండ్రటి సైజువి, తీశావు, బాగానే ఉంది. చార్జింగ్ స్ప్రేయర్‌లోని బరువైన లెడ్ బ్యాటరీ పీకేసి వీటితో ప్యాక్ కట్టాలన్న ఆలోచనా తప్పేం కాదు, మిరప చేలో పొద్దంతా దాన్ని వీపున మోసేవాడికే తెలుస్తుంది ఆ బరువు. కానీ "బీఎంఎస్ ఎందుకు మావయ్యా, జీనర్ డయోడు, రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి నేనే చేసేస్తా" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

బీఎంఎస్ అంటే సెల్లులు హద్దు దాటి చార్జి కాకుండా కాపలా కాసే బోర్డు, అది మాత్రం కొను. జీనర్ అంటే ఒక వోల్టేజీ దగ్గర నిలబడే డయోడు, దానికి ఐదు శాతం అటూ ఇటూ మామూలే, 4.2 వోల్టుల మీద ఐదు శాతమంటే 0.2 వోల్టు. ఆ సెల్లుకి 4.2 దాటితేనే అపాయం మొదలు, నీ లెక్క 4.4 దాకా పోనిస్తుంది. పైగా నువ్వు మొత్తం 12.6 వోల్టులే చూస్తానంటున్నావు. మూడు సెల్లులు వరసలో ఉంటే ఒకటి 4.4లో, మిగతా రెండూ 4.1లో ఉన్నా మొత్తం 12.6 అవుతుంది, నీ మీటరుకి అంతా బాగానే కనిపిస్తుంది. బోర్డు ఒక్కో సెల్లునీ విడిగా చూస్తుంది, డబ్బులిచ్చేది అందుకే. కొనేటప్పుడు బ్యాలెన్సింగ్, అంటే సెల్లులన్నిటినీ ఒకే వోల్టేజీకి తెచ్చేది, ఉందో లేదో అడుగు, చవక వాటిలో చాలావరకు ఉండదు.

అయితే బోర్డు వచ్చేసిందని కాళ్ళు చాపుకోకు. అది అన్నీ చెడిపోయాక పనిచేసేది. చాలా బోర్డులు 4.25, 4.3 దగ్గర గానీ కట్ చేయవు, అంటే రోజూ చార్జింగ్ ఆపే పని దానిది కాదు, చార్జరుది. నీ స్ప్రేయర్‌తో వచ్చిన చార్జరు లెడ్ బ్యాటరీకి చేసింది, 14 వోల్టుల పైనే ఇస్తుంది. దాన్నే తగిలిస్తే రోజూ బోర్డే అడ్డుకోవాలి, దానిమీది మాస్‌ఫెట్ (కరెంటు ఆపే స్విచ్ లాంటి భాగం) ఒక రోజు షార్టయి అలాగే ఉండిపోతే ఆపేవాడు లేడు. 12.6 వోల్టుల లిథియం చార్జరు తెచ్చుకో, పాత చార్జరు ఎవరూ పొరపాటున గుచ్చకుండా ప్లగ్గు మార్చెయ్.

ఇంకోటి, బోర్డు సెల్లు బయట తీగల్ని చూస్తుంది, లోపల ఏం జరుగుతుందో దానికి తెలియదు. లోపల షార్టయితే ఏ బోర్డూ ఆపలేదు. అందుకే అసలు కష్టమంతా సెల్లు ఎంచడంలోనే పెట్టమంటాను. విప్పగానే 2 వోల్టుల కన్నా తక్కువ చూపించేవి పక్కన పారెయ్, చార్జి పెట్టి బతికించాలని చూడొద్దు, అంత కిందికి దిగితే లోపలి రాగి రేకు కరిగిపోతుంది, మళ్ళీ చార్జి పెట్టినప్పుడు ఆ రాగే ఎక్కడో పేరుకుని షార్టు చేస్తుంది. మిగతావి సింగిల్ సెల్ చార్జరులో 4.2 దాకా నింపు. నింపేటప్పుడు చేతికి వేడిగా తగిలేది పనికిరాదు. ఒక్కోదానికీ టేపు అంటించి వోల్టేజీ, తేదీ రాసి రెండు వారాలు ముట్టుకోకుండా వదిలెయ్. 4.1 కన్నా కిందికి జారినవి కూడా తీసెయ్. నీ ఇరవైలో పది మిగిలినా నేను సంతోషిస్తాను. బజారులో 9900 ఎంఏహెచ్ అని రాసిన సెల్లులు కనిపిస్తాయి, కలపొద్దు, ఈ సైజులో 3500 దగ్గరే మంచి కంపెనీలకి పై హద్దు.

ఇక ఇంట్లో చేతితో చేసుకోగలిగిన రక్షణ. 18650 సెల్లు డబ్బా మొత్తం నెగటివే, అడుగు ఒక్కటే కాదు. పైన పాజిటివ్ బొడిపె చుట్టూ ఉన్న అంచు కూడా నెగటివే, మధ్యలో సన్నటి ప్లాస్టిక్ రింగు, పైన రంగు తొడుగు, అంతే అడ్డు. నేను షాపు పెట్టిన కొత్తలో ఒక ప్యాక్‌లో ఆ తొడుగు చిరిగింది గమనించలేదు, నికెల్ పట్టీ అంచుకి తగిలి కళ్ళ ముందే ఎర్రగా కాలింది, దాన్ని లాగడానికి పోయి వేలు కాల్చుకున్నాను, మచ్చ ఇంకా ఉంది. ఆ రోజు నుంచి ప్రతి పాజిటివ్ మీదా కరెంటు పారనివ్వని బార్లీ పేపర్ రింగు అంటించందే పట్టీ వేయను. తొడుగు చిరిగితే కొత్తది వేసి హాట్ గన్‌తో బిగించు. చేతి ఉంగరం, గొలుసు తీసి కూర్చో. సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ వద్దు, వేడి లోపలికి పోతుంది, స్పాట్ వెల్డింగ్ చేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళు.

ఫ్యూజు ప్యాక్ పాజిటివ్ తీగ మొదట్లోనే ఉండాలి, స్విచ్ దగ్గర కాదు, తీగ మధ్యలో ఎక్కడ కోసుకుపోయినా అదే కాపాడాలి. పంపు 3 ఆంపియర్లు తీసుకుంటే 5 ఆంపియర్ల కారు బ్లేడు ఫ్యూజు చాలు. స్ప్రేయర్‌లో బ్యాటరీ అర మందు ట్యాంకు కిందే కదా, పైనుంచి కారిన ప్రతి చుక్కా అక్కడికే. అందుకని ప్యాక్‌ని అడుగు నుంచి కొంచెం ఎత్తులో కూర్చోబెట్టు, కారిన నీళ్ళు పోయే దారి ఉంచు, బోర్డు భాగానికి టేపు చుట్టు, కానీ సెల్లుల్ని గాలి ఆడని డబ్బాలో సీలు చేయకు. లోపల గ్యాసు పుడితే బయటికి పోవాలి, మూసేస్తే అది బాంబే.

చేలోంచి రాగానే వేడి మీద చార్జింగు పెట్టకు, చల్లారనివ్వు. రాత్రి పెట్టి పడుకోవడం అసలే వద్దు. మంచం పక్కన, మెట్ల కింద, తలుపు దగ్గర కూడా వద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, పొగ పైనున్న లాడ్జి అంతస్తులకి ఎక్కి ఎనిమిది మంది పోయారు. సెల్లు సుయ్‌మన్నా, పొగ వచ్చినా చేత్తో పట్టుకోబోకు, అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చెయ్, ఆ పొగ పీల్చొద్దు. బయట దూరంగా ఉన్నదైతే కరెంటు తీసేసి నీళ్ళు బాగా కొట్టు, చల్లబరచడమే మందు, ఆరిందనిపించినా మళ్ళీ అంటుకోగలదు.

నన్నడిగితే మాత్రం, ఈ పాత సెల్లులు టార్చిలైటుకి ఉంచుకుని, వీపుకి కట్టుకునేదానికి కొత్త ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్లులు నాలుగు కొనమంటాను. ఒక్కోటి 3.2 వోల్టులు, వేడికి ఇవి ఎక్కువ తట్టుకుంటాయి. వాటికి చార్జరు 14.6ది, బోర్డు కూడా వాటి కోసం చేసిందే కావాలి, ఇవీ అవీ కలిపావంటే ఊరుకోను.

పాడైన సెల్లులకి రెండు కొసలా టేపు వేసి, మూత పెట్టని డబ్బాలో, వరండాలో ఉంచు, చెత్తబండికి ఇవ్వకు. వచ్చే ఆదివారం వస్తాను, నా మీటరు తెస్తా. అప్పటిదాకా ఏదీ అతికించకు.

మీ మావయ్య