పది పాసు కావాలంటే పరీక్ష ఒక్కటే సరిపోదు, తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు ఫోన్ల చెప్పింది మొత్తం విన్న. పత్తి సీడు చేన్ల క్రాసింగ్‌కు, అంటే పువ్వుకు పుప్పొడి రుద్దే పనికి, కూలీలు దొరుకుతలేరని, సీడు ఆర్గనైజర్ ఇచ్చిన అడ్వాన్సు నెత్తి మీద కూసుందని, ఆగస్టు, సెప్టెంబర్ రెండు నెలలు ఈ ఏడు పది చదివే నీ బిడ్డ చిట్టిని చేనుకే తీసుకపోతనని, సంక్రాంతి అయినంక అందరు పనికి పూణె పోయి పరీక్షలప్పుడు దాన్ని బస్సెక్కిస్తనని. ఫోన్ల కొట్లాడితే ఇద్దరికీ గొంతు నొప్పే మిగుల్తది, అందుకే రాస్తున్న. మరదలుకు గూడ చదివి వినిపియ్యి.

నా సర్వీసంత ఉమ్మడి పాలమూరుల జిల్లా పరిషత్ బడులల్లనే గడిచింది. హెడ్‌మాస్టర్ కుర్చీల కూసున్నంక నాకు బాగ తెలిసొచ్చింది ఏందంటే, మన దిక్కు పది ఆగిపోయే పిల్లలందరు చదువు రాక ఆగరు. రోజులు చాలక ఆగినోళ్లున్నరు, కాగితంల పేరు కలవక తిరిగినోళ్లున్నరు, ఫీజు తేదీకి తల్లిదండ్రులు ఊర్ల లేక ఆగమైనోళ్లున్నరు. ఈ నిబంధనలు జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఒక్కకాడ కూసొని చదువుకునే పిల్లకోసం రాసినయి. గట్టు మండలంల అట్ల కూసునే ఇండ్లు ఎన్నున్నయో నీకే తెలుసు. కాబట్టి నిబంధనలేందో ఊర్ల అందరికంటే ముందుగాల మనమే తెలుసుకోవాలె.

"నిరుడు గూడ క్రాసింగ్‌కు పోయింది గదక్కా, ఏమైంది, పై క్లాసుకు పోలేదా?" అన్నవు. పోయింది. ఎనిమిది దాకా ఎవర్నీ ఆపొద్దని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పె. తొమ్మిదిల పరీక్ష బడి చేతుల ఉంటది, సార్లు చూసీ చూడనట్టు పంపిన్రు. పది అట్ల కాదు. పరీక్ష పెట్టేది పరీక్షల డైరెక్టరేట్, పేపర్ దిద్దేది ఎవరో ముఖం తెల్వని సారు. ఇన్నేండ్లు బడి ఓర్చుకున్నది ఇక్కడ ఎవరూ ఓర్చుకోరు.

మొదలు హాజరు సంగతి. రెగ్యులర్‌గ పది రాయాలంటే 75 శాతం హాజరుండాలె. బడి ఏడాదికి అటూ ఇటూ 230 రోజులు నడుస్తది అనుకో. అందుల నాలుగోవంతు అంటే 57 రోజులు. అంతకుమించి పోగొట్టుకునే హక్కు పిల్లకు లేదు. నీ రెండు నెలల క్రాసింగ్‌ల ఆదివారాలు, సెలవులు తీసేసినా 45 రోజులు పోతయి. మిగిలింది పన్నెండు రోజులు. చలికాలం జ్వరమొస్తే, ఇంట్ల ఎవరిదన్న పెండ్లైతే, నెల నెల కడుపునొప్పితోటి పండుకుంటే ఆ పన్నెండు యాడ సరిపోతయి? అటెన్క సంక్రాంతికి పూణె. ఇంక లెక్క చెయ్యనక్కర్లేదు.

జబ్బు చేస్తే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కొంత మినహాయింపు అడగొచ్చు. అది నిజంగ జబ్బు పడ్డ పిల్లకోసం పెట్టింది. పత్తిచేను జబ్బు కింద రాయరు. "సారుకు చెప్తే హాజరేస్తడు" అని నీ దోస్తు అన్నడంట. ఆ రోజులు పోయినయి. ఇప్పుడు ఫోన్ల పిల్ల ముఖం పట్టి హాజరేస్తున్నరు. బతిమిలాడి ఆ సారును ఇరకాటంల పెట్టకు.

క్రాసింగ్‌కు చిట్టి చిన్న వేళ్లు పనికొస్తయని నాకు తెల్వదా? పొద్దున మగపువ్వు పుప్పొడి రుద్దుడు, సాయంత్రం మొగ్గలు గిల్లుడు, అమ్మతోటి నేను గూడ చేసిన. కాని పద్నాలుగేండ్ల లోపు పిల్లలను పనిల పెట్టొద్దని చట్టముంది, దాటిన పిల్లనైనా బడి మాన్పించి పెడితే నీకే నష్టం. ఆదివారం, దసరా సెలవులల్ల ఇంటి చేన్ల చెయ్యనియ్యి, నేనేమనను. బడి దినం మాత్రం ముట్టొద్దు. కూలీలకు తక్కువ పడితే నేను ఐదారువేలు పంపుత, తర్వాత చూసుకుందం.

ఇగ మార్కులు. పదిల ఆరు సబ్జెక్టులు, ఒక్కొక్కటి నూరు, మొత్తం 600. నూటిల 80 మార్కులకు పబ్లిక్ పరీక్ష, 20 మార్కులు బడిల ఇచ్చే ఇంటర్నల్. ఈ ఇరవై మన పిల్లలు ఎక్కువగ పారేసుకునేటివి. ఏడాదిల నాలుగు ఫార్మేటివ్ పరీక్షలుంటయి. వాటిల స్లిప్ టెస్టు, ప్రాజెక్టు పని, నోట్సు రాతలు, పుస్తకం చదివి చెప్పుడు అన్నిటికి మార్కులేస్తరు. ఆ నాలుగిటి సగటే ఈ ఇరవై. రెండు ఫార్మేటివ్‌లు చేన్ల గడిపిన పిల్లకు సగటు సగమైతది, మార్చిల ఎంత చదివినా ఆ మార్కులు తిరిగి రావు. ఈ ఇంటర్నల్ తీసేసి నూటికి నూరు పరీక్షే పెడ్తమని 2024 నవంబర్‌ల ఉత్తర్వు ఇచ్చిన్రు, వెంటనే ఆ ఏడాదికి ఆపిన్రు. అందుకే ఊర్ల ఒకడు ఒకటంటడు, ఇంకొకడు ఇంకొకటంటడు. ఎవర్నీ నమ్మకు. బడికి పోయి ఈ ఏడాది ఏది అమల్ల ఉన్నదో హెడ్‌మాస్టర్ నోటితోనే విను.

పాసుకు ప్రతి సబ్జెక్టుల 80కి 28 రావాలె. ఇంటర్నల్ ఇరవైకి ఇరవై ఉన్నా పరీక్షల ఆ 28 తెచ్చుకోకుంటే పోయినట్టే. హిందీకి ఒక్కదానికి వెసులుబాటుంది, నూటికి 20 చాలు. సైన్సు రెండు పేపర్లు, రెండు వేర్వేరు రోజులు, ఒక్కొక్కటి 40 మార్కులు. ఫిజిక్సు, బయాలజీ రెండూ కలిపి 28 వస్తే పాసే. చిట్టి ఫిజిక్సుకు భయపడ్తదని చెప్పినవు గద, బయాలజీల బొమ్మలు బాగ గీస్తే ఆ లోటు అక్కడ పూడుతది. గుండె, మూత్రపిండం బొమ్మలు రోజుకొకటి గీయమను. లెక్కలకు ఇట్లాంటి అడ్డదారి లేదు. సాయంత్రం స్పెషల్ క్లాసులు పెడ్తరు, దానికి కూసోబెట్టు. చీకటైతది, ఆడపిల్ల అని మరదలు ఆపుతది. ఆ గంటకు నువ్వే పోయి తోల్కరా.

ఇప్పుడు చెప్పేది జర శ్రద్ధగ చదువు, ఎందుకంటే నాకు దీని మీదనే ఎక్కువ భయం. దసరా దాటినంక బడిల నామినల్ రోల్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల పట్టీ, తయారు చేస్తరు. పిల్ల పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, మీడియం, ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు, ఫోటో, సంతకం. అందుల ఎట్లుంటే పది పాసైనంక ఇచ్చే మెమోల అట్లనే అచ్చయితది. మెమో అంటే మార్కుల కాగితమే అనుకోకు. రేపు పాస్‌పోర్టుకు, పాన్ కార్డుకు, కానిస్టేబుల్ ఉద్యోగానికి, బ్యాంకు నౌకరికి పుట్టిన తేదీ అంటే అందరు చూసేది ఆ మెమోనే.

మన ఇంట్ల పరిస్థితి చూడు. మనం చిట్టి అంటం. ఆధార్‌ల మహేశ్వరి. ఒకటో తరగతిల మన నాయిన చేర్పించినప్పుడు బడి రిజిస్టర్‌ల మహేశ్వరమ్మ అని రాయించినట్టు నాకు గుర్తు. మరదలు పేరు రేషన్ కార్డుల ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు. పుట్టిన తేదీ సంగతి ఇంక చెప్పొద్దు. మన దిక్కు పాత రిజిస్టర్లు తీస్తే సగం మంది పిల్లలు జూన్‌లనే పుట్టినట్టుంటది! చిట్టి పుట్టింది గద్వాల సర్కారు దవాఖానల, పుట్టినరోజు సర్టిఫికెట్ ఉండాలె. అది పట్టుకోని ఈ నెలలనే బడికి పో. అడ్మిషన్ రిజిస్టర్, ఆధార్, పుట్టిన సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టించి చూపియ్యమను. తేడా ఉంటే ఇప్పుడు ఏది ఎట్ల సరిచెయ్యాల్నో హెడ్‌మాస్టర్ చెప్తడు, ఆధార్‌ల తప్పుంటే ఆధార్ సెంటర్‌ల మార్పియ్యి. నామినల్ రోల్ మీద సంతకం పెట్టమని పిల్లకు ఇచ్చినప్పుడు ఒక్కొక్క అక్షరం చదివి పెట్టమను. ఇంగ్లీషు స్పెల్లింగుల ఒక అక్షరం తప్పినా సరే చెప్పమను. మెమో అచ్చయినంక మార్చాలంటే హెడ్‌మాస్టర్ దగ్గర మొదలై డీఈఓ ఆఫీసు మీదుగ హైదరాబాద్ దాకా కాగితాలు తిరగాలె. ఆ తిరుగుడు చార్జీలకు నీ ఒక ఎకరం సీడు పైసలు పోతయి.

పరీక్ష ఫీజు మామూలుగ నవంబర్‌ల కడ్తరు. నిరుటి దాకా రెగ్యులర్ పిల్లలకు 125 రూపాయలే. తేదీ దాటితే 50, ఇంక దాటితే 200, ఆ పైన 500 అపరాధ రుసుము. అది గూడ దాటితే ఆ ఏడాదికి అంతే. వయసు గూడ చూస్తరు, ఆగస్టు 31కి పద్నాలుగేండ్లు నిండి ఉండాలె. చిట్టికి నిండినయి.

పూణె సంగతి. సంక్రాంతి తర్వాత తీసుకపోతే హాజరే కాదు, ప్రీ ఫైనల్ గూడ పోతది. అక్కడ బడిల చేర్పిస్తనంటే నవ్వొస్తది, పదిల నడుమ మరాఠీ బడిల ఏం చదువుతది? నువ్వూ మరదలూ పోండి, తప్పదు. పిల్లను అమ్మ దగ్గర ఉంచు. అమ్మకు కండ్లు కనపడ్తలేవు, రాత్రి తోడు కష్టమంటే గద్వాలల సంక్షేమ హాస్టల్ ఉంది, సీటు అడుగుదం. వార్డెన్‌తోటి నేను మాట్లాడుత. అదీ కుదరకుంటే మహబూబ్‌నగర్‌ల నా దగ్గరికి పంపుతనని అనకు. నడుమ బడి మారిస్తే టీసీ, నామినల్ రోల్ అన్నీ తారుమారైతయి. నేనే జనవరిల వచ్చి రెండు నెలలు ఊర్ల ఉంట.

ఫలితాలొచ్చినప్పుడు ఒకటి రెండు పోయినయే అనుకో. ఆ వారంలనే ఎవరో ఒకరు సంబంధం పట్టుకోని వస్తరు, నేను చూసిన. పద్దెనిమిది నిండకుండ పెండ్లి నేరం, కల్యాణలక్ష్మి గూడ రాదు, ఇది వాళ్లకు చెప్పి పంపు. పోయిన సబ్జెక్టులకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అదే ఎండాకాలం చివర్ల పెడ్తరు. పోయినవే రాస్తే చాలు, ఫలితం జూన్ ఆఖరు అటూ ఇటూ వస్తది, ఇంటర్ల అదే ఏడాది చేరొచ్చు. ఒకటి రెండు మార్కులతోటి పోయిందనిపిస్తే రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500, జవాబు పత్రం నకలుతోటి రీవెరిఫికేషన్‌కు 1000. గడువు పదిహేను రోజులే. పిల్ల బాగ రాసిన సబ్జెక్టుకైతేనే కట్టు, ఏడుపు చూసి అన్నిటికి కట్టకు.

పాసైనంక ఏందనేది అప్పుడు మాట్లాడుదం, కాని ఒక్కటి ఇప్పుడే చెప్తున్న. తుంగభద్ర దాటితే కర్నూలు, బస్సు దగ్గర, కాలేజీలు పెద్దయి, మన దిక్కు చానామంది ఇంటర్‌కు అక్కడనే చేర్పిస్తరు. చిట్టి డాక్టర్ చదువుత అంటున్నది. మెడికల్ సీటుకు తెలంగాణ లోకల్ కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా నాలుగేండ్లు తెలంగాణలనే చదివి ఉండాలె. నది దాటితే ఆ లెక్క తెగుతది. బైపీసీ చదివితే గద్వాలనో, వనపర్తో, మహబూబ్‌నగరో. ఇంటర్ వద్దు పాలిటెక్నిక్ అంటే పాలిసెట్ రాపియ్యి, వనపర్తిల రాజాగారి బంగ్లాల ఉన్న పాలిటెక్నిక్ మంచిది. ట్రిపుల్ ఐటీకైతే మొదటిసారే పాసై ఉండాలె, అందుకే సప్లిమెంటరీ ఉంది గదా అని ఇప్పట్నుంచే నిమ్మళంగ ఉండొద్దు.

ఇంకొకటి. ఒకటి నుంచి ఏడు దాకా చదివిన బడుల బోనఫైడ్లు, అంటే అక్కడ చదివినట్టు బడి ఇచ్చే కాగితాలు, గూడ తీసి పెట్టు. సర్కారు నౌకరిల ఏ జిల్లా లోకలో ఆ ఏడేండ్ల చదువు చూసే తేలుస్తరు. మూడో తరగతి నువ్వు శెట్టి ఆత్మకూరు దిక్కు కౌలుకు పోయినప్పుడు అక్కడ చదివింది గద, ఆ బడిది గూడ కావాలె.

మరదలు తొమ్మిదిల ఆగిపోయింది. ఓపెన్ స్కూల్ల పది రాయొచ్చు, ఐదు సబ్జెక్టులే, వయసు పైన పరిమితి లేదు, క్లాసులు సెలవు దినాలల్ల ఉంటయి, ఏడాదికి రెండుసార్లు పరీక్ష. పూణె నుంచి ఎట్ల కుదురుతదో నాకు గూడ అర్థం కాలే, కాని ఆమెను అడుగు. నువ్వు వద్దనకు.

ఈ ఆదివారం లోపల పుట్టిన సర్టిఫికెట్, ఆధార్లు ముగ్గురియి, రేషన్ కార్డు ఫోటో తీసి నాకు వాట్సాప్ పెట్టు. అమ్మకు బీపీ గోళీలు అయిపోయినయంట, బస్సు డ్రైవర్ చేత పంపుతున్న, గట్టు స్టేజీ కాడ తీసుకో.

అక్క