మిద్దె గురించి రాసే ముందు అమ్మ మాట వినండి

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. తాత కట్టించిన మట్టి మిద్దెను అమ్మేయాలని అన్న, తమ్ముడు నిర్ణయించారు. నాన్న వీలునామా రాయకుండానే పోయారు. 78 ఏళ్ల అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. ‘ఇంటి చరిత్ర, ప్రత్యేకతలు నీకే బాగా తెలుసు, కొనేవాళ్లకు చూపడానికి రాసిపెట్టు’ అన్నాడు అన్న. కాగితం ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది. వద్దంటే వాటా కోసమే అడ్డుపడుతున్నానంటారేమోనని భయం. ఏమి చేయాలి?
– ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, ఇల్లు పోతోందన్న దిగులు ఒకటి, పుట్టింట్లో మీ మాటకు చోటు లేదన్న నొప్పి మరొకటి. మీ ఏడుపులో రెండూ ఉన్నాయి. అన్న మిమ్మల్ని రాయమన్నాడే గానీ, అమ్మాలా వద్దా అని అడగలేదు. అంతకన్నా నన్ను కలవరపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఇల్లు అమ్మేశాక మీ అమ్మ ఎక్కడ ఉంటుందో మీ ఉత్తరంలో లేదు. బహుశా మీ ముగ్గురిలో ఎవరూ ఆ మాట ఎత్తి ఉండరు.

రాయండి. కానీ కొనేవాళ్ల కోసం మొదలుపెట్టకండి. నాలుగు రోజులు అమ్మ దగ్గర ఉండి, ఆమె చెబుతుంటే రాసుకోండి. మన సీమ మిద్దెలో చెప్పుకోవాల్సింది ఎంతో ఉంటుంది. మండు వేసవిలోనూ లోపల చల్లగా ఉంచే ఆ మందపాటి రాతి గోడలు, వాటిలోని గూళ్లు, దూలాల మీద అడ్డంగా పరిచిన సన్నటి కర్రలు (దంతెలు), పైన మట్టి, ఆపైన నీరు దిగకుండా వేసే చవుడు మట్టి. వానలకు ముందు మిద్దె మీద చవుడు పరిచే పని మీ ఇంట్లో ఎవరు చేసేవారు? ఎక్కడి నుంచి తెచ్చేవారు? ఎప్పుడు మానేశారు? ఏ మూల కురుస్తోంది? మిద్దె పైకప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షి నుంచి పడిన ఎండ ఏ బండ దాకా వస్తే అమ్మ పొయ్యి వెలిగించేదో, వాన మొదలైతే దాన్ని మూయడానికి పైకి ఎవరు పరుగెత్తేవారో అడగండి. జొన్నల పాతర ఉండేదా? నేల మీది నాపరాళ్లు ఏ గని నుంచి బండి మీద వచ్చాయి? ఇవి మీరు ఊహించి రాయలేరు, అందుకే కాగితం ముందు కలం ఆగిపోతోంది.

కొనేవారికి ఇచ్చే కాగితంలో చెదలు పట్టిన దూలం, కురిసే మూల కూడా ఉండాలి. దాచి అమ్మితే తరువాత తగాదా తప్పదు. పాత మిద్దెలను తలుపులు, ద్వారబంధాలు, దూలాల కోసమే కొని పడగొట్టేవారూ ఉంటారు. అది తెలిసే అమ్ముతున్నారో లేదో అన్నను అడగండి. ఒక తలుపో, దూలమో మీలో ఎవరికైనా కావాలనుకుంటే ఒప్పందంలోనే రాయించండి.

ఇక వాటా. భయపడాల్సిన పని లేదు. నాన్న వీలునామా లేకుండా పోయారు కనుక ఆయన భాగం అమ్మకూ మీ ముగ్గురికీ సమానంగా చెందుతుంది. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్పింది. అప్పటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో, కోర్టు డిక్రీతోనో పంపకం జరిగి ఉంటే మాత్రం లెక్క వేరు. కుటుంబం నివసించే ఇంట్లో ఆడపిల్ల పంపకం అడగకుండా అడ్డుపెట్టిన ఆ చట్టంలోని 23వ సెక్షన్‌ను కూడా ఆ సవరణే తీసేసింది. ఒకరు తమ వాటాను అమ్మదలిస్తే ముందుగా కొనే హక్కు మిగిలిన వారసులకు ఉంది. గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాస స్థలంలోని, ఇళ్లకు చాలాసార్లు పాత దస్తావేజులు ఉండవు. అందుకే ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఎవరి పేరుతో ఉన్నాయో చూడండి. న్యాయవాదికి అవి చూపించే వరకు ఏ కాగితం మీదా సంతకం చేయకండి, అమ్మ చేత వేలిముద్ర వేయించనివ్వకండి.

అన్నకు సూటిగా చెప్పండి: ‘అన్నా, నువ్వు అడిగింది రాసిస్తా. కానీ ముందు అమ్మ ఎక్కడ ఉంటుందో మన ముగ్గురం ఆమె ఎదుట కూర్చుని తేల్చుకుందాం. నా వాటా సంగతి కూడా అప్పుడే చెబుతా.’ ఫోనులో వద్దు, ఆ ఇంటి పడసాలలోనే మాట్లాడండి. అమ్మ ఉంటానంటే ఆమె ఉన్నన్నాళ్లూ అమ్మకం మాట పక్కన పెట్టి, కురుస్తున్న మిద్దెను ముగ్గురూ కలిసి బాగు చేయించండి. అమ్మేయమంటే సొమ్ములో ఆమె భాగాన్ని ఆమె పేరునే బ్యాంకులో వేయించండి. ఆమె ఎవరి దగ్గర ఉంటుందన్నది ఆమెనే చెప్పనివ్వండి.