కాఫీ గింజలు ఇంట్లోనే వేయించుకోదలచిన మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కాఫీ గింజలు ఇంట్లోనే వేయించుకోవాలని అనుకుంటున్నావని, డాలస్‌లో ఉన్న అన్నయ్య సంక్రాంతికి వస్తూ ఒక యంత్రం తెస్తానన్నాడని, ఫ్రెష్ రోస్ట్, జీన్ కఫే, బెహ్‌మోర్ అనే మూడింటిలో ఏది తెమ్మనాలో చెప్పమని రాశావు. ఆ మూడింటిలో ఏదీ చెడ్డది కాదు. అయితే యంత్రం పేరు ఆఖరున తేల్చుకోవలసిన విషయం. మీ ఇంట్లో వారానికి ఎంత కాఫీ ఖర్చవుతుంది, పొగ ఏ దారిన బయటికి పోతుంది, యంత్రాన్ని ఏ ప్లగ్గుకు తగిలిస్తావు, వేగిన గింజలను ఎంత త్వరగా చల్లార్చగలవు అనే నాలుగు సంగతులు ముందు తేలాలి. అవి తేలకుండా కొన్న యంత్రం ఎంత ఖరీదైనదైనా ఆరు నెలల్లో అటక ఎక్కుతుంది.

ముందుగా లెక్క చూద్దాం. మీరిద్దరూ రెండు పూటలా ఫిల్టరు కాఫీ తాగుతారు కాబట్టి, కప్పుకు 10 గ్రాముల పొడి చొప్పున రోజుకు 40 గ్రాములు, వారానికి 280 గ్రాములు కావాలి. వేగేటప్పుడు పచ్చి గింజ బరువులో సుమారు 15 శాతం తరుగు పోతుంది కనుక, వారానికి 330 గ్రాముల పచ్చి గింజలు వేయిస్తే సరిపోతుంది. చికోరీ కలిపే అలవాటు ఉంటే అంత కూడా అక్కరలేదు. తయారీదారులు చెప్పే గరిష్ఠ పరిమాణంలో ముప్పాతిక వంతు మాత్రమే వేసినప్పుడు గింజలు సమంగా వేగుతాయని గుర్తుపెట్టుకో. ఫ్రెష్ రోస్ట్‌లో చిన్నది 120 గ్రాములు, పెద్దది 225 గ్రాములు పట్టే యంత్రాలు. జీన్ కఫే 300 గ్రాముల లోపు, బెహ్‌మోర్ 450 గ్రాముల దాకా తీసుకుంటాయి. కిలో పట్టే వాటి జోలికి నువ్వు పోనక్కరలేదు. వారానికి కిలో వేయించి పంచిపెడితే చుట్టాలు సంతోషిస్తారు గాని, నీకు ఆదివారాలు మిగలవు.

ఇక యంత్రాల్లో ప్రధానంగా రెండు తీర్లు ఉన్నాయి. వేడి గాలితో గింజలను పైకి లేపి ఆడిస్తూ వేయించేది ఒకటి, తిరిగే డ్రమ్ములో దొర్లిస్తూ వేయించేది రెండవది. నువ్వు రాసిన వాటిలో ఫ్రెష్ రోస్ట్ మొదటి తీరుది, మిగిలిన రెండూ డ్రమ్ము తీరువి. గాలి యంత్రంలో పని త్వరగా, తరచుగా పది నిమిషాల లోపే ముగుస్తుంది. పొట్టు ఎగిరి పై గిన్నెలో చేరుతుంది. గింజలోని పులుపు, సువాసన స్పష్టంగా నిలుస్తాయి. డ్రమ్ములో పన్నెండు, పదిహేను నిమిషాలు పడుతుంది గాని చిక్కదనం బాగా వస్తుంది. పాలు లేకుండా పలచని కాఫీ తాగేవారు గాలి యంత్రాన్ని మెచ్చుకోవడంలో న్యాయం ఉంది. ఇత్తడి ఫిల్టరులో దిగిన డికాషన్‌కు చిక్కటి పాలు, చక్కెర కలుపుకునే మన అలవాటుకు మాత్రం డ్రమ్మే తగినదని నా అభిప్రాయం.

అన్నయ్య తెచ్చే యంత్రం విషయంలో జాగ్రత్త అవసరం. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి యంత్రాన్ని ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెడితే హీటరు, దానితో పాటు లోపలి సర్క్యూటు కాలిపోతాయి. 1500 వాట్ల యంత్రానికి వోల్టేజిని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు, కనీసం 2000 వోల్ట్ ఆంపియర్లది, కావాలి. అది యంత్రం కన్నా బరువుంటుంది, వంటింటి గట్టు మీద చోటు కూడా తినేస్తుంది. పైగా ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుంది గాని హెర్ట్జ్‌ను మార్చదు కాబట్టి, కొన్ని రకాల మోటార్లున్న డ్రమ్ములు ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి. అందువల్ల 220–240 వోల్టుల నమూనా దొరికితేనే తెమ్మను, లేకపోతే ఆ సూట్‌కేసులో ఇంకేదైనా తెచ్చుకోమను.

1500 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది కనుక మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు పనికిరాదు. గీజరుకు వాడే 16 ఆంపియర్ల పాయింటు కావాలి, మధ్యలో ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉండకూడదు. సాయంత్రం వేళ వోల్టేజి 230 నుంచి 210కి పడితే హీటరు ఇచ్చే వేడి సుమారు 17 శాతం తగ్గిపోతుంది. నిన్న పన్నెండు నిమిషాల్లో వేగిన గింజ ఇవాళ పదిహేను నిమిషాలకు కూడా వేగలేదంటే తప్పు గింజది కాకపోవచ్చు. వోల్టేజి చూపించే చిన్న ప్లగ్ మీటరు ఒకటి కొని, వీలైనంత వరకు ఉదయం పూటే వేయించు. మధ్యలో కరెంటు పోతే వేడి డ్రమ్ములో గింజలను ఉంచకుండా వెంటనే బయటికి తీయాలి. అందుకు మోచేతుల దాకా వచ్చే తోలు చేతి తొడుగులు యంత్రం పక్కనే వేలాడుతూ ఉండాలి.

ఇంత ఖర్చు ఇప్పుడే ఎందుకనుకుంటే, గ్యాసు పొయ్యి మీద చేత్తో తిప్పే స్టీలు డ్రమ్ము మంచి ఆరంభం. లోపల గింజ కనిపించకపోవడం దాని లోపం, చవకగా దొరకడం దాని గుణం. ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముడయ్యే, గాజు మూత కింద కడ్డీ తిరిగే నాన్‌స్టిక్ పెనం మాత్రం కొనవద్దు. ఆ పూత సుమారు 260 డిగ్రీలు దాటితే చెడి విషవాయువులు వదులుతుంది, కాఫీ వేపేటప్పుడు పెనం అడుగు ఆ వేడికి చేరువలోనే ఉంటుంది.

ఇప్పుడు అందరూ చివరికి వదిలేసే చల్లార్చే సంగతికి వస్తాను. నీ డబ్బులో మొదటి వంతు దీనికే పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. 210 డిగ్రీల దగ్గర పొయ్యి ఆపినంత మాత్రాన గింజ వేగడం ఆగదు. తనలో ఉన్న వేడితోనే ఇంకొంత ముదిరిపోతుంది. నువ్వు కోరుకున్న రంగు నీ కళ్ళ ముందే దాటిపోతుంది. కొన్ని యంత్రాలు వేయించిన డ్రమ్ములోనే గాలి ఊది చల్లారుస్తాయి. లోహం, గాజు కూడా వేడిగా ఉంటాయి కనుక అది ఆలస్యమైన పద్ధతి. బయట చల్లార్చే ఏర్పాటు నువ్వే చేసుకోవచ్చు. ఒక వెడల్పాటి స్టీలు జల్లెడ, దాని అంచు బిగుతుగా కూర్చునే రేకు డబ్బా, ఆ డబ్బా పక్కన కోసిన రంధ్రానికి బిగించిన ఆరంగుళాల ఎగ్జాస్టు ఫ్యాను ఉంటే చాలు. ఫ్యాను గాలిని డబ్బాలోకి ఊదేలా కాకుండా డబ్బాలోంచి బయటికి లాగేలా బిగించాలి. అప్పుడు గది గాలి గింజల మధ్య నుంచి కిందికి దిగుతుంది, పొట్టు గదంతా ఎగరకుండా డబ్బా అడుగున పడుతుంది. జల్లెడ అంచు దగ్గర సందు ఉంటే గాలి ఆ సందులోంచే పోయి గింజలను వదిలేస్తుంది. అక్కడ వేడికి తట్టుకునే సిలికాన్ పట్టీ అతికించు. చెక్క గరిటెతో కలుపుతూ ఉంటే 300 గ్రాముల గింజలు నాలుగు నిమిషాల్లో చేత్తో పట్టుకునేటట్టు కావాలి. అంతకన్నా ఆలస్యమైతే గింజలు తగ్గించు, లేదా ఫ్యాను మార్చు. మిగిలిన పొట్టును చేటతో చెరిగితే పోతుంది. ఆ విద్య మీ అత్తయ్యకు నా కన్నా బాగా వచ్చు.

ఉష్ణోగ్రత కొలవడానికి లేజరు తుపాకీ లాంటి థర్మామీటరు వద్దు. అది గింజల వేడికి బదులు మెరిసే లోహపు వేడిని, అదీ తప్పుగా, చెబుతుంది. గింజల మధ్య గుచ్చి వేడి కొలిచే సన్నని లోహపు ముల్లు, అంటే కె టైప్ థర్మోకపుల్, దానికో డిజిటల్ మీటరు కొను. ముల్లు లావుగా ఉంటే అంకె వెనకబడుతుంది, అందుకే 3 మిల్లీమీటర్లు మించకుండా చూడు. దాని కొన ఎప్పుడూ గింజల మధ్యలోనే ఉండాలి. గింజ 150 డిగ్రీల ప్రాంతంలో పసుపు రంగుకు తిరుగుతుంది, 200 డిగ్రీలకు అటూ ఇటూ పేలాలు పేలినట్టు మొదటి చిట్లు, అంటే గింజ పగిలే చప్పుడు, వినిపిస్తుంది, 225 దాటాక సన్నగా, దగ్గర దగ్గరగా రెండవ చిట్లు మొదలవుతుంది. మన ఫిల్టరు కాఫీకి ఈ రెండింటికీ నడుమ, రెండవదానికి కొంచెం దగ్గరగా ఆపడం బాగుంటుంది. నీ మీటరు చూపే అంకె నా మీటరుతో కలవకపోవచ్చు. నీ యంత్రంలో మొదటి చిట్లు ఏ అంకె దగ్గర వచ్చిందో నోటు పుస్తకంలో రాసుకుంటే అదే నీ ప్రమాణం. వేపు ఉష్ణోగ్రతలను కంప్యూటరులో నమోదు చేసే ఆర్టిజన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది గాని, మొదటి ఏడాది దాని అవసరం రాదు. 0.1 గ్రాము తేడా చూపే త్రాసు మాత్రం మొదటి రోజే కావాలి. వేయించక ముందు, వేయించాక తూచితే 13 శాతం తరుగు లేత వేపును, 18 శాతం ముదురు వేపును తెలుపుతుంది. రంగు గురించి కళ్ళు మోసపోయినా ఈ లెక్క మోసపోదు.

పొగను తక్కువగా అంచనా వేయవద్దు. కాఫీ వేగుతున్న వాసన కమ్మగా ఉంటుందనేది డికాషన్ తాగేవారి ఊహ. రెండవ చిట్లు దగ్గర వచ్చే పొగ ఘాటుగా ఉండి పరదాలకు పట్టుకుంటుంది, అపార్టుమెంటులో పొగ అలారాన్ని కూడా మోగిస్తుంది. యంత్రం వెనక నుంచి ఆరంగుళాల అల్యూమినియం గొట్టం, మధ్యలో ఒక ఫ్యాను పెట్టి కిటికీలోంచి బయటికి తీసుకుపో. గొట్టం ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. పొట్టు ఇట్టే అంటుకుంటుంది కనుక ప్రతి వేపు తరువాతా పొట్టు గిన్నె ఖాళీ చెయ్యి, పొడి రసాయనపు అగ్నిమాపక సిలిండరు చిన్నది ఒకటి చేతికందేలా పెట్టుకో. డ్రమ్ములో మంట కనబడితే తలుపు తెరవకుండా ప్లగ్గు పీకెయ్యాలి. తెరిస్తే గాలి తగిలి మంట పెద్దదవుతుంది.

పచ్చి గింజలు నేను ఇక్కడ విశాఖ నుంచి పంపుతాను. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల నడుమ పండే ఆ గింజల్లో కడిగి ఆరబెట్టిన ప్లాంటేషన్ ఎ రకం తీసుకుంటే పరిమాణం ఒకేలా ఉండి సమంగా వేగుతాయి. చెయ్యి కుదిరేదాకా ఆ ఒక్క రకమే వేయించు. వానాకాలపు తేమగాలి తగిలేలా ఉంచి తయారుచేసే మాన్సూన్డ్ మలబార్ గింజ ఉబ్బి మెత్తగా ఉంటుంది, తొందరగా మాడుతుంది. దానిని తరువాత చూద్దువుగాని. పచ్చి గింజలో తేమ 10 నుంచి 12 శాతం ఉండాలి కాబట్టి గాలి చొరని మందపాటి సంచిలో, పోపుల డబ్బాకూ అగరువత్తులకూ దూరంగా ఉంచు. వేయించిన గింజలకు ఒకవైపే గాలి పోయే కవాటమున్న సంచులు కొను. గింజ కొన్ని రోజుల పాటు బొగ్గుపులుసు వాయువును వదులుతూనే ఉంటుంది, కనీసం ఒక రోజు ఆగి మర పట్టు. మిక్సీలో పొడి ఎగుడుదిగుడుగా, వేడిగా వస్తుంది. గింజను రెండు పళ్ళ చక్రాల మధ్య నలిపే స్టీలు బర్ గ్రైండరు లేకపోతే ఈ శ్రమలో సగం వృథా, కనుక యంత్రం కన్నా ముందు అది కొనమని చెబుతాను.

నువ్వు ఈ వారంలో రెండు పనులు చెయ్యి. వంటింట్లో 16 ఆంపియర్ల పాయింటు ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి కిటికీ దాకా ఎన్ని అడుగులో టేపుతో కొలువు. రాత్రి ఎనిమిది గంటలప్పుడు అదే పాయింటులో వోల్టేజి ఎంత చూపుతోందో రాసుకో. ఆ రెండు అంకెలూ నాకు పంపితే, అన్నయ్య టికెట్టు కొనేలోగా ఏ యంత్రం తెమ్మనాలో రాస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య