రష్యా అందాల రాణుల్లో ఆడతనం మిగిలింది, మనవాళ్లలో ఎందుకు పోయింది?

రష్యాలో మెడిసిన్ చదివినదాన్ని కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నా. అడిగినాయన మిస్ రష్యా ఫొటోలు వరసగా పెట్టి, "ఎంత ఒద్దిక! ఎంత నాజూకు! ఇల్లూ పిల్లలే ముఖ్యమని స్టేజీ మీదే చెబుతున్నారు. మన అమ్మాయిలకి ఇది ఎందుకు లేదు? అక్కడి సంబంధాలు చూసే ఏజెన్సీలను నమ్మొచ్చా?" అని రాశారు. ఏజెన్సీల సంగతి చివర్లో చెప్తా.

ఆ అమ్మాయిలంటే నాకూ ముచ్చటే. 2008 మిస్ వరల్డ్‌లో క్సేనియా సుఖినోవా గెలిచి, మన పార్వతి ఓమనకుట్టన్ రెండో స్థానంలో ఆగిపోయినప్పుడు మా ఇంట్లో అందరూ ఉసూరుమన్నారు. నేను మాత్రం ఆ సైబీరియా పిల్ల నడక చూస్తూ ఉండిపోయా. త్యుమెన్‌లో చమురు, గ్యాస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న పిల్లట. అందం సరే, నాజూకు సరే. ఒద్దిక అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ.

నేను చదివింది త్వేర్‌లో. మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్ వెళ్లే దారిలో, వోల్గా ఒడ్డున ఉంటుంది. అక్కడ చాలా కాలేజీల్లో ఒక అందాల పోటీ ఉంటుంది, మన కాలేజీల్లో ఫ్రెషర్స్ డే ఉన్నంత మామూలుగా. మా హాస్టల్లో పక్కగది అమ్మాయి ఒక ఏడాది దానికి ఎంపికైంది. పగలు క్లాసులు, వారంలో కొన్ని రాత్రులు సర్జరీ వార్డులో ఆయా ఉద్యోగం. బెడ్‌పాన్లు తీయడం, స్ట్రెచర్లు తోయడం. అక్కడ మెడికోలు చాలామంది ఆ పని చేస్తారు, ఎవరూ చిన్నతనంగా అనుకోరు. మన దగ్గర హౌస్ సర్జన్ ఒక స్ట్రెచర్ తోస్తే వాళ్ల నాన్న ఆసుపత్రికొచ్చి గొడవపెట్టుకుంటాడు, అది వేరే కథ.

పోటీలో మొదటి రౌండు స్వపరిచయం. ఒకరోజు రాత్రి ఉమ్మడి వంటగదిలోకి వెళ్తే తలనిండా కర్లర్లు, ఒంటిమీద పాత నైటీ లాంటి గౌను, ఒక చేత్తో బంగాళాదుంపలు వేయిస్తూ, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని బట్టీ పడుతోంది. "నా కల ఒక వెచ్చని ఇల్లు, ఇంట్లో పొయ్యి ఎప్పుడూ ఆరకుండా చూసుకోవడమే స్త్రీకి శోభ" ఇదీ వరస. మధ్యలో మా హాస్టల్ పొయ్యి ఆరిపోతే దాన్ని ఎన్ని బూతులు తిట్టిందో ఇక్కడ రాయలేను. "నిజంగా అలాగే అనుకుంటున్నావా?" అని అడిగా. నావంక జాలిగా చూసి, "వైవా పరీక్షలో నువ్వు ప్రొఫెసర్‌కి నచ్చే జవాబు చెప్పవా?" అంది. తనకి మత్తు డాక్టర్ అవ్వాలని ఉంది. పొయ్యి సంగతి జడ్జీల కోసం.

ఇక టాలెంట్ రౌండుకి ఇండియన్ డాన్స్ ఎంచుకుంది. సోవియట్ కాలంలో అక్కడ మన హిందీ సినిమాలు విరగబడి ఆడాయి. రాజ్ కపూర్ అంటే వాళ్ల అమ్మమ్మలకి ప్రాణం, మిథున్ చక్రవర్తి అంటే అమ్మలకి. వాళ్లమ్మ చెప్పిన మిథున్ పాటకే స్టెప్పులు. చీర కావాలి. హాస్టల్ మొత్తానికి చీర ఉన్నది నా దగ్గర, అదీ అమ్మ బలవంతాన పెట్టెలో కుక్కిన మంగళగిరి నేత చీర. నాకేమో కట్టుకోవడం సరిగ్గా రాదు. అమ్మకి వీడియో కాల్ చేశాం. తెనాలిలో అప్పటికి అర్ధరాత్రి. "ఆ పిల్ల పొడుగమ్మా, కుచ్చిళ్లు తగ్గించు, బొందు గట్టిగా బిగించు, పైటకి పిన్నీసు పెట్టు" అని అమ్మ చెప్తుంటే ఇద్దరం కలిసి దాన్ని చీరలో మూటకట్టాం. జాకెట్టు పట్టలేదు, దాని నల్ల టీషర్టే వేసుకుంది. చీర కట్టుకుని కారిడార్లో పరేడ్ చేసినట్టు నడిచింది. చిన్న చిన్న అడుగులు వేయమంటే, "వీటిలో బస్సు ఎలా ఎక్కుతారు?" అంది. మా అమ్మ పాతికేళ్లుగా చీరలోనే స్కూటీ నడుపుతోందని చెప్తే నమ్మలేదు. అమ్మే ఫోన్లో "నడుపుతా, నడుపుతా" అని సాక్ష్యం చెప్పింది.

అప్పుడే హాస్టల్ గుమ్మం దగ్గర కూర్చునే కాపలా బామ్మ పైకొచ్చింది. చీరలో ఉన్న ఆ పిల్లని చూసి మురిసిపోయి, నా బుగ్గ పుణికి, "ఇండియా ఆడపిల్లలంటే ఆడపిల్లలు! అణకువ, ఇల్లు చూసుకునే గుణం, మగవాడికి ఎదురు చెప్పరు. మావాళ్లు మగరాయుళ్లైపోయారు" అంది. నేను అప్పుడు జీన్స్‌లో ఉన్నా. ముందు రోజే కరెంటు కేటిల్ లాక్కుందని ఆ బామ్మతోనే మెట్ల మీద పోట్లాడా. ఆ పూట చీర మహిమ అలాంటిది. మీ ప్రశ్న చదవగానే నాకు ఆ బామ్మే గుర్తొచ్చింది సార్. మీరూ ఆవిడా ఒకరికొకరు ఫోన్ చేసుకుంటే బాగుంటుంది.

(పోటీలో దానికి మొదటి బహుమతి రాలేదు, ప్రేక్షకుల బహుమతి వచ్చింది. ఇప్పుడు మత్తు డాక్టరే.)

ఇప్పుడు అసలైన విజేతల సంగతి. మిస్ యూనివర్స్ కిరీటం గెలిచిన ఒకే ఒక్క రష్యన్ అక్సానా ఫ్యోదరవా. ప్స్కోవ్‌లో పుట్టింది, పోలీసు అధికారిణి, పీటర్స్‌బర్గ్‌లో హోం శాఖ వాళ్ల విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివింది. 2002 మేలో పోర్టోరికోలో కిరీటం పెట్టారు, సెప్టెంబరుకల్లా అది పోయింది. బాధ్యతలు సరిగ్గా చేయలేదని మేమే తీసేశాం అని నిర్వాహకులు, నేనే వదులుకున్నానని ఆవిడ. కిరీటం పనామా అమ్మాయి జస్టిన్ పాసెక్‌కి వెళ్లింది. ఈవిడ మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు, న్యాయశాస్త్రంలో పరిశోధన పట్టా తీసుకుంది, తర్వాత ఏళ్ల తరబడి టీవీలో కుందేలు, పందిపిల్ల బొమ్మలతో చిన్నపిల్లల కార్యక్రమం నడిపింది. మా పక్కగది పిల్లకి ఆవిడ అందాల రాణిగా కాదు, పడుకునే ముందు కథలు చెప్పే ఆంటీగా తెలుసు. మీరు పెట్టిన ఫొటోల్లో మూడోది ఆవిడే. ఒద్దిక అట!

ఇంకోటి. దీన్ని సంప్రదాయం అంటున్నారు కదా, మాస్కోలో మొదటి అందాల పోటీ జరిగింది 1988లో, మొదటి మిస్ యూఎస్ఎస్ఆర్ 1989లో. మా పెద్దమ్మ పెళ్లి దానికన్నా పాతది. అంతకుముందు అక్కడ ఆదర్శ స్త్రీ అంటే 1963లో అంతరిక్షంలోకి వెళ్లిన వాలెంతీనా తెరెష్కోవా. రెండో ప్రపంచ యుద్ధంలో కోట్లమంది పోయారు, పోయినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. పొలం, ఫ్యాక్టరీ, ఇల్లు అన్నీ ఆడవాళ్ల మీద పడ్డాయి. చెత్త పారేయడానికి వెళ్లినా లిప్‌స్టిక్ వేసుకునే ఆ అలవాటు, లిప్‌స్టిక్ దుకాణంలో దొరకని రోజుల్లోంచి వచ్చిందని నా గట్టి నమ్మకం. దొరకని వస్తువుకే కదా విలువ. 1987లో బుర్దా అనే జర్మన్ కుట్టుపని పత్రిక రష్యన్‌లో మొదలైతే అందులోని కత్తిరింపు నమూనాలు చూసి అమ్మలు ఇంట్లోనే గౌన్లు కుట్టుకున్నారు. అది సోకు కాదు, కష్టం. ఇక ఆడవాళ్లు చేయకూడని ఉద్యోగాలని 2000లో ప్రభుత్వం ఇచ్చిన జాబితాలో 456 ఉన్నాయి. 2021లో దాన్ని వంద దాకా తగ్గించాకే మాస్కో మెట్రోలో ఆడవాళ్లు మళ్లీ రైళ్లు నడపడం మొదలైంది. మీరు నాజూకు అంటున్నదాంట్లో కొంత ఈ జాబితా చలవ కూడా.

మగవాళ్ల వంతు గురించి ఎవరూ అడగరేం? అక్కడ మార్చి 8న, అంటే మహిళా దినోత్సవం రోజు, పువ్వులు తేకుండా ఇంటికెళ్లే మగాడు ఉండడు. అదీ బేసి సంఖ్యలోనే తేవాలి, సరి సంఖ్య సమాధికి. మా బ్యాచ్ కుర్రాడు ఒకడు డజను గులాబీలు తెచ్చి టీచరమ్మ చేతిలో పెడితే ఆవిడ నవ్వి ఒకటి తీసి పక్కన పెట్టింది. ఇక్కడ నిక్కరు, బనీను మీద పెళ్లిచూపులకి దిగని ఒక్క కారణంతో తాము సంస్కారవంతులం అనుకునేవాళ్లు ఆడపిల్లకి నాజూకు కావాలంటారు.

2025లో మిస్ వరల్డ్ హైదరాబాద్ వచ్చినప్పుడు రామప్ప గుడి దగ్గర పోటీదారుల కాళ్లు మన ఆడవాళ్లచేత కడిగించారు కదా. అతిథి మర్యాద అన్నారు. ఆ నీళ్లు పోసిన అమ్మాయిల ఒద్దిక ఎవరికీ కనపడలేదు, ఒక్కరూ ఫొటో పెట్టి ముచ్చటపడలేదు. రంగు తెల్లగా ఉంటేనే అది ఒద్దికా?

ఏజెన్సీల సంగతి. పెళ్లికూతురి వీసాకి, టికెట్‌కి, వాళ్లమ్మ ఆపరేషన్‌కి అని ముందే డబ్బు అడిగేవాళ్లకి పైసా పంపకండి. మా దూరపు బంధువు ఒకడు పంపాడు. ఆ ఫొటోలోని అమ్మాయి ఎవరో వెతికితే ఏదో షాంపూ ప్రకటన మోడల్ అని తేలింది. నిజంగా అక్కడి అమ్మాయిని చేసుకోవాలని ఉంటే ముందు రష్యన్ నేర్చుకోండి, వంట నేర్చుకోండి. బంగాళాదుంపలు వేయించడంతో మొదలుపెట్టొచ్చు, వాళ్లకి అవి లేకుండా రోజు గడవదు.