సరుకు చేతిలో లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మితే ఆ లాభం హలాలేనా?

మీరడిగింది ఇదీ: సూరత్ వ్యాపారి దగ్గర 600కి దొరికే కుర్తీ ఫోటో మీ పేజీలో పెట్టి 850 అని రాస్తారు. గుంటూరు నుంచి ఆర్డరు, డబ్బు వచ్చాక సూరత్‌కి 600 కడితే, అతనే నేరుగా గుంటూరు పంపుతాడు. మిగిలిన 250 మీకు.

ఇలాగే చేస్తే చెల్లదు. "కొనేవాడు వచ్చి నా దగ్గర లేని వస్తువు అడిగితే, ముందు అమ్మేసి తరవాత బజార్లో కొని ఇవ్వనా" అని ప్రవక్త సహచరుడు హకీమ్ బిన్ హిజామ్ (ర) అడిగితే, నీ దగ్గర లేనిది అమ్మకు అన్నారు ప్రవక్త (స). ఖబ్జా (అమ్మకముందు సరుకు చేతికి తీసుకోవడం) షరతు మాలికీ ధర్మశాస్త్ర శాఖలో తిండిగింజలకే కదా అని కొందరు వాదిస్తారు. ఖబ్జా సంగతి అటుంచండి, అమ్మే వేళకి ఆ కుర్తీ మీ సొంతమే కాలేదు.

250 ఎక్కువన్నది కాదు ఇక్కడ పేచీ. మీరు అమ్మకముందు ఆ కుర్తీ కాలిపోతే నష్టం మీదే అనే దశ ఒక్క గంటయినా ఉందా? అది లేనప్పుడు లాభం తీసుకునే హక్కూ రాదు.

అన్నిటికన్నా తేలిక దలాలీ. సరుకు సూరత్ వాళ్లదని పేజీలో రాసి, అమ్మిన ప్రతి పీసుకి ఇంత అని వాళ్లతో ముందే తేల్చుకోండి. "600 పైన ఎంతొస్తే అంత నీదే" అన్న మాట హంబలీ శాఖవాళ్లు ఒప్పుకుంటారు, హనఫీ శాఖవాళ్లు కూలి ఎంతో తేలలేదని కాదంటారు. మన వైపు ఎక్కువమంది హనఫీలే కాబట్టి అంకె వేసుకోవడమే మేలు. ఈ పద్ధతిలో క్యాష్ ఆన్ డెలివరీకీ అడ్డులేదు.

సొంత ధరకే అమ్మాలంటే వచ్చిన ఆర్డరుని వాగ్దానంగానే ఉంచండి, డబ్బు అమానత్, అంటే మీ దగ్గర దాచమని ఇచ్చిన సొత్తు. సూరత్‌లో మీ తరఫు మనిషి సరుకు అందుకున్నాకే అమ్మకం ఖాయం చేయాలి. ఆ మనిషి సరుకు అమ్మినవాడే అయితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

సలమ్ (డబ్బు ముందు, సరుకు తరవాత అనే ఒప్పందం) అని పేరు పెడితే సరిపోతుందనుకోకండి. మొత్తం ధర ముందే చేతికందాలి, రకం, కొలత, గడువు తేలాలి. హనఫీ ఫత్వా ప్రకారం గడువు కనీసం నెల. మూడు రోజుల డెలివరీకి అది అతకదు. బంగారం, వెండికైతే ఆ దారి అసలే లేదు.