రోజూ ఎఫ్1 అడుగుతూ నీలం తెర వేసే పాత డెస్క్‌టాప్: బయాస్ అప్‌డేట్ చేయాలా?

పాలకొల్లు నుంచి అడిగినవారికి. రోజూ పొద్దున్నే మీ సిస్టమ్ ఎఫ్1 నొక్కమంటోంది, తేదీ 2011కి వెళ్లిపోతోంది, నాలుగు రోజులుగా విండోస్ 7 లోగో దగ్గరే నీలం తెర వచ్చి రీస్టార్ట్ అవుతోంది అన్నారు. ఒకరు బయాస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) అప్‌డేట్ చేయమన్నారు, ఇంకొకరు ఫార్మాట్ కొట్టమన్నారు. దయచేసి ఆ రెండూ ఇప్పుడే చేయకండి. ముందు మదర్‌బోర్డు మీద ఉండే చిన్న గుండ్రటి సెల్లు మార్చండి, ఆ తర్వాత బయాస్‌లో సాటా మోడ్, అంటే బోర్డు హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, చూడండి.

మాది రాజోలు వైపు. చించినాడ వంతెన దాటితే మీ దారే. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే చిన్న డీటీపీ షాపు నాది. ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డు మీద ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను, ఏళ్ల తరబడి చేసిన కార్డుల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి. శ్రావణ మాసం ముహూర్తాలకు వారం ముందు ఒక రాత్రంతా కరెంటు లేదు. పొద్దున్న ఆన్ చేస్తే మీకు వచ్చిన వరసే: ఎఫ్1, పాత తేదీ, చివర 7బి అని ఉన్న నీలం తెర. హార్డ్ డిస్క్ పోయిందనుకుని, టెన్షన్‌లో దగ్గర్లోని రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. ఫార్మాట్ చేస్తే సరిపోతుందన్నారు. నేను సరేనన్నాను కూడా. ఫైళ్లు పోతే కార్డులెలా ఇస్తామని మా ఆవిడ ఆపింది.

సాయంత్రం పక్కింటి కుర్రాడు వచ్చాడు, భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. డిలీట్ కీ కొట్టి బయాస్‌లోకి వెళ్లి ఒక్క లైను చూపించాడు. "బాబాయ్, సాటా మోడ్ ఐడీఈలో ఉంది. విండోస్ ఎక్కించినప్పుడు ఏహెచ్‌సీఐలో ఉండుంటుంది, మార్చి చూద్దామా?" అన్నాడు. ఐడీఈ అంటే డిస్కుతో మాట్లాడే పాత పద్ధతి, ఏహెచ్‌సీఐ కొత్తది. మార్చి, ఎఫ్10తో సేవ్ చేశాడు. రెండు నిమిషాల్లో డెస్క్‌టాప్, దాని మీద సగంలో వదిలేసిన కార్డు ఫైలు కనిపించాయి.

జరిగింది ఏమిటంటే, సెల్లు చచ్చిపోతే బయాస్ మనం పెట్టుకున్న సెట్టింగులు మరిచిపోయి కంపెనీ డిఫాల్టులకు వెళ్లిపోతుంది. మా బోర్డు డిఫాల్టు ఐడీఈ. విండోస్ 7 ఏమో, ఎక్కించిన రోజు ఉన్న మోడ్‌కు కావలసిన డ్రైవరునే బూట్ సమయంలో లేపుతుంది. మోడ్ మారితే డిస్కు దానికి కనిపించదు, ఆ 7బి వస్తుంది. డిస్కుకు ఏమీ కాదు, డేటా అలాగే ఉంటుంది.

సెల్లే దోషి అని తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు, సిస్టమ్ ఆఫ్ చేసినా, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై పెట్టె) నుంచి బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా అందుతూనే ఉంటుంది. గడియారం దాని మీదే నడుస్తుంది, సెల్లు అరగదు. ఉరుములకు భయపడి మనం రాత్రుళ్లు గోడ స్విచ్ ఆపేస్తాం. అప్పుడు మొత్తం భారం సెల్లు మీదే. స్విచ్ ఆపిన మర్నాడే తేదీ పోయి, ఆపని రోజు నిలబడితే ఇంకేం అనుమానం లేదు.

సెల్లు పేరు సీఆర్2032, 3 వోల్టులు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 ఇస్తే తీసుకోకండి, పలచగా ఉంటుంది, క్లిప్పులో వదులవుతుంది. ప్లగ్ పీకేసి, క్యాబినెట్ రేకును చేత్తో ఒకసారి తాకి, పక్కనున్న క్లిప్పును గోటితో వెనక్కి నొక్కితే పాతది దానంతటదే పైకి లేస్తుంది. నాది మల్టీమీటర్‌లో 2.4 చూపించింది. కింద ఇత్తడి పిన్ను మీద ఆకుపచ్చ చిలుము సన్నగా పట్టి ఉంది, మన ఉప్పు గాలికి ఇది మామూలే. దాన్ని పెన్సిల్ రబ్బరుతో మెత్తగా తుడవండి. గరుకు కాగితం పెట్టకండి, పైపూత పోతుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది వేయండి.

ఇక బయాస్‌లో ముందు తేదీ, సమయం సరిచేయండి. తేదీ తప్పుంటే బ్యాంకు సైట్లు కూడా తెరుచుకోవు. తర్వాత సాటా మోడ్. ఏహెచ్‌సీఐతో విండోస్ వస్తే అక్కడే వదిలేయండి. బోర్డు ఇంటెల్ జీ41 చిప్‌సెట్ రకమైతే, వాటిలో ఎక్కువ వాటికి మామూలు ఐసీహెచ్7 చిప్పే ఉంటుంది, దానికి ఏహెచ్‌సీఐ లేదు, ఎంత వెతికినా కనబడదు. అప్పుడు కారణం వేరే చూడాలి. ఐడీఈలో బాగా నడుస్తున్న విండోస్ 7ను మాత్రం వేగం కోసమని ఊరికే ఏహెచ్‌సీఐకి మార్చకండి. ముందు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఎంఎస్‌ఏహెచ్‌సీఐ సర్వీసు స్టార్ట్ విలువను 0 చేశాకే మార్చాలి.

బూట్ ఆర్డర్‌లో మీ డిస్కు కనిపించకపోతే కంగారు పడకండి. చాలా పాత బోర్డుల్లో హార్డ్ డిస్క్ ప్రయారిటీ అని వేరే జాబితా ఉంటుంది. అందులో మొదట ఉన్న డిస్కే బయటి జాబితాలోకి వస్తుంది.

ఇంకొకటి నేను తప్పకుండా మార్చేది, కరెంటు పోయి వస్తే ఏం చేయాలో చెప్పే ఏసీ పవర్ లాస్ సెట్టింగు. దాన్ని పవర్ ఆఫ్‌లో పెట్టండి. మన దగ్గర లైను వచ్చేటప్పుడు ఒకేసారి నిలబడదు, రెండు మూడుసార్లు వచ్చి పోతుంది. ఆన్‌లో ఉంటే ప్రతిసారీ సిస్టమ్ లేచి, విండోస్ సగంలో ఉండగా పడిపోతుంది.

బయాస్ అప్‌డేట్ జోలికి ఎందుకు వద్దన్నానంటే, మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. కొత్త ప్రాసెసర్ వేయడం లాంటి అవసరం ఉంటే తప్ప, అదీ మంచి యూపీఎస్ మీద తప్ప, చేయకండి.

అన్నీ కుదిరాక బయాస్‌లో ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. నేనైతే సాటా మోడ్, సెల్లు మార్చిన తేదీ కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అంటించాను. సెల్లు మార్చి మోడ్ సరిచేశాక కూడా నీలం తెర వస్తుంటే, బోర్డు మోడలు, తెర మీద చివర ఉన్న నంబరు ఇక్కడే రాయండి, చూసి చెప్తానండి.