విక్టోరియా సరస్సు మ్యాపు గీయబోయే అమ్మాయికి

చి. సుమతికి,

పెదనాన్న ఆశీస్సులు. కెన్యాలోని కిసుములో ఏడాది ఉండి విక్టోరియా సరస్సు పరీవాహక ప్రాంతానికి భూవినియోగ మ్యాపు తయారు చేసే పని నీకు వచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ వైపు సాగునీటి పనుల్లో తిరిగినవాణ్ని కాబట్టి నాలుగు ముక్కలు రాయమన్నాడు. నాలుగుతో ఆగను, ఓపిక పట్టు.

ముందు నీళ్ల లెక్క సరిగ్గా తెలుసుకో. కృష్ణా గోదావరులు చూసి పెరిగినవాళ్లం కదా, ఏ సరస్సైనా నదులతోనే నిండుతుందనుకుంటాం. ఇక్కడ సుమారు 68,800 చదరపు కిలోమీటర్ల సరస్సులోకి వచ్చే నీటిలో దాదాపు 80 శాతం నేరుగా దాని మీద పడే వానే. కగేరా, న్జోయా, మారా లాంటి నదులన్నీ కలిసి తెచ్చేది మిగతా కొంచెమే. వచ్చినదాంట్లో చాలా భాగం ఆవిరైపోగా మిగిలింది ఉగాండాలోని జింజా దగ్గర నైలు నదిగా బయటికి పోతుంది. సగటు లోతు 40 మీటర్లే. అందుకే వానలో తేడా వస్తే మట్టం కదులుతుంది. 1961 చివరి వానలతో మొదలై 1964 నాటికి రెండు మీటర్లకు పైగా పెరిగింది. 2006లో కరువుకు తోడు జింజా డ్యామ్ నుంచి ఎక్కువ నీరు వదలడంతో బాగా పడిపోయింది. 2020 మేలో 1964 నాటి రికార్డు కూడా దాటింది. కాబట్టి ఒడ్డు గీత ఏ తేదీదో రాయకుండా మ్యాపు ఎవరి చేతికీ ఇవ్వకు. 2006 ఉపగ్రహ చిత్రంలో పొడి నేలగా కనిపించిన చోట 2020లో నీళ్లుంటాయి. దాన్ని చూసి 'భూవినియోగం మారింది' అని రిపోర్టు రాసేవాళ్లు ఉన్నారు, నువ్వు వాళ్లలో చేరకు.

రెండోది గాలి. పగలు సరస్సు మీంచి నేల వైపు వీచే గాలి, తూర్పు నుంచి వచ్చే గాలితో నండి, కెరిచో కొండల దగ్గర ఢీకొని మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన కురిపిస్తుంది. కెరిచో వడగళ్లకు పేరుమోసిన ఊరు. రాత్రి గాలి తిరగబడి కొండల మీంచి సరస్సు వైపు దిగుతుంది. అప్పుడు ఉరుములన్నీ నీళ్ల మీదే. రాత్రి దీపాలు పెట్టుకుని ఒమేనా అనే చిన్న చేపలు పట్టేవాళ్లకు అదే ప్రాణగండం. ఈ గాలుల వల్లే కెరిచోలో ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడితే, ఒడ్డునే ఉన్న ఎంబిటాలో అందులో సగానికి అటూ ఇటూ పడుతుంది. నీళ్ల పక్కన ఉండి కూడా ఎండిపోయే జొన్న చేలు అక్కడ చూస్తావు. 'పరీవాహక ప్రాంతం సగటు వర్షపాతం' అనే కాలమ్ నీ పట్టికలో పెట్టమంటే పెట్టు, దాని మీద మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకు.

ఇక నా అసలు మాట. ఆఫీసులో కూర్చుని పరీవాహక ప్రాంతంలోని ఐదు దేశాలనూ (కెన్యా, ఉగాండా, టాంజానియా, రువాండా, బురుండి) ఒకేసారి వర్గీకరించడం మొదలుపెట్టకు. ముందు న్యాండో నదిని పైనుంచి కింది దాకా తిరుగు. అదేమంత పెద్ద నది కాదు, కిసుము నుంచి అందుబాటులోనే ఉంటుంది. లోండియాని అడవుల దగ్గర, టిండెరెట్ టీ తోటల దగ్గర మొదలుపెట్టు. ఎర్ర నేలలు, చల్లటి గాలి. కొంచెం దిగితే మొక్కజొన్న, పశువులు, ఏటవాలులో కొట్టుకుపోయిన గండ్లు. ఇంకా దిగితే ముహోరోని, చెమెలిల్ చెరకు. చివరికి కానో మైదానం, అచ్చంగా మన నల్లరేగడి. అహేరోలో 1969లో మొదలైన వరి ఆయకట్టు ఉంది. న్యాండో నీటిని పంపులతో ఎత్తి పారిస్తారు, అంటే కరెంటు బిల్లు కట్టలేని ఏడాది మడి ఎండుతుంది. మ్యాపులో వరి మాయమైతే వాన తగ్గిందని తీర్మానించే ముందు ఆ పంపుల సంగతి అడుగు. వాన ముదిరితే ఇదే మైదానం ముంపుకు గురవుతుంది. పైన కోసుకుపోయిన మట్టి ఇక్కడ పరుచుకుని, మిగిలింది నది చివర పాపిరస్ అనే ఎత్తైన నీటి గడ్డి తుప్పల్లో చిక్కుకుని, అదీ దాటింది కిసుము ముందున్న వినామ్ అఖాతంలో ఎర్రగా కలుస్తుంది. ఆ పాపిరస్‌ను నరికి కూరగాయలు వేసిన చోట మట్టిని ఆపేదేమీ ఉండదు.

ఏది ఎక్కడ పండాలో నేల ఒక్కటే తేల్చలేదు సుమా. 1901లో రైలు కిసుము చేరాక కొండల మీది మంచి నేలలు తెల్లదొరల టీ తోటలయ్యాయి. మివాని, కిబోస్ వైపు చెరకు మన భారతీయుల చేతుల్లో పెరిగింది. స్థానిక రైతుకు మిగిలింది చిన్న చిన్న కమతాలు. ఎకరం కూడా లేని చేను, 30 మీటర్ల పిక్సెల్ చిత్రంలో నాలుగైదు చుక్కలే, అందులోనే మొక్కజొన్న, చిక్కుడు, అరటి, ఇల్లు. దాన్ని ఒకే రంగుతో నింపడం అన్యాయం. 10 మీటర్ల చిత్రాలు వాడు, లేదా 'మిశ్రమ సాగు' అని నిజాయితీగా రాయి. చిత్రాలకు జనవరి, ఫిబ్రవరి మంచివి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు, మబ్బులతో టెన్షన్ తప్పదు.

కిసుము రేవు దగ్గర గుర్రపుడెక్క కనిపిస్తుంది. కొల్లేరులో చూసిందే, కొత్తగా పరిచయం అక్కర్లేదు. ఉపగ్రహ చిత్రంలో మాత్రం అదీ పాపిరస్ కూడా ఒకే పచ్చగా ఉంటాయి. వారం తేడా ఉన్న రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టు. గాలికి చోటు మారినదే గుర్రపుడెక్క.

మిగతా ఒడ్డులు తర్వాత చూడొచ్చు. పడమట టాంజానియాలోని బుకోబా వైపు వాన ఎక్కువ. అక్కడి హాయా రైతులు పచ్చిక బయళ్ల గడ్డినీ పశువుల ఎరువునూ ఇంటి చుట్టూ ఉన్న అరటి, కాఫీ తోటలోకి మోసి తరతరాలుగా ఆ నేలను నిలబెట్టుకున్నారు. పచ్చిక బయలును 'ఖాళీ భూమి' అని రాశావో, ఆ తోటకు బలం ఎక్కడిదో నీకే అర్థం కాదు. దక్షిణాన సుకుమా ప్రాంతం పొడి నేల, పత్తి, పశువులు. రువాండా, బురుండి సరస్సును తాకవు, కానీ వాటి కొండల మట్టి కగేరా మీదుగా వచ్చి చేరుతుంది. వాటిని వదిలేయొద్దు.

విజయవాడ మే నెల భరించినదానివి, కిసుము ఎండ నిన్నేమీ చేయదు. ఊరు 1,100 మీటర్ల పైన ఉంది. ఫీల్డు పని మాత్రం మధ్యాహ్నం రెండింటికల్లా ముగించు, ఆ తర్వాత వాన పడితే నల్లరేగడి దారిలో జీపు కదలదు. ఒడ్డు నీళ్లలో చెప్పులు లేకుండా దిగకు, నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా అనే జబ్బు ఉంది. దోమతెర తప్పనిసరి. జ్వరం వస్తే ఆ రోజే మలేరియా పరీక్ష చేయించుకో. పెద్దవాళ్లను 'మ్జే' అని పిలిచి, పొలంలో అడుగుపెట్టే ముందు అనుమతి అడుగు. న్యాండో తిరిగి వచ్చాక ఫోటోలు పంపు, ఏ నేల ఎక్కడ మొదలైందో కలిసి చూద్దాం.

మీ పెదనాన్న